దొంగ లెక్క దొరికేదెక్కడ

1.20కి 1.20 కలిపితే ఎంత? ఫోన్‌లో కాలిక్యులేటర్ నొక్కే కుర్రాడు 2.40 అంటాడు. దేవరకొండ వైపు పల్లెలో పట్టాదారు పాసుపుస్తకం ముందేసుకుని కూర్చున్న పెద్దాయన మాత్రం తడుముకోకుండా 3 అంటాడు. ఇద్దరి లెక్కా సరైనదే.

పాసుపుస్తకంలో 1.20 అంటే ఎకరం ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. ఇరవై గుంటలంటే అరెకరం కాబట్టి రెండు ఒకటిన్నరలు కలిసి మూడెకరాలు. 3.39 పక్కన ఒక్క గుంట చేరిస్తే 4.00 అవుతుంది. 1.40 అనే విస్తీర్ణం ఆ పుస్తకంలో కనిపించనే కనిపించదు. అక్కడున్న చుక్క బడిలో నేర్పిన దశాంశ బిందువు కాదు. ఎకరాలు ఇటు, గుంటలు అటు అని విడదీసే గుర్తు, అంతే.

ఇదేదో ఊరి తమాషా అని నవ్వి ఊరుకుంటే జేబుకు చిల్లు పడుతుంది. రెండున్నర ఎకరాలు అమ్ముతానని నోటితో చెప్పి, తెల్ల కాగితం మీద 2.5 అని రాసుకున్నారనుకుందాం. కొనేవాడికి అది రెండున్నర. రికార్డు చదివే అలవాటున్నవాడికి రెండెకరాల ఐదు గుంటలు. మధ్యలో తేడా 15 గుంటలు, అంటే 1,815 గజాలు. పట్నం పక్క భూమైతే ఆ తేడాలో ఒక ఇల్లు కాదు, చిన్న వీధే లేస్తుంది. 2025 జనవరిలో మొదలైన రైతు భరోసా లెక్క చూసినా అంతే: పంటకాలానికి ఎకరాకు 6,000 అంటే గుంటకు 150 రూపాయలు. 2.20 ఉన్న రైతుకు రావలసింది 15,000. దాన్ని మామూలు దశాంశంగా చదివి 2.2తో గుణిస్తే 13,200 వస్తుంది. గుణకారంలో తప్పేమీ లేదు. గుణించక ముందే, ఎవరూ పైకి అనకుండా, అందరూ ఒప్పేసుకున్న మాటలో తప్పుంది.

తమాషా లెక్కలన్నిటి కీలకం అక్కడే ఉంటుంది. పైకి కనిపించే కూడికలు, తీసివేతలు శుభ్రంగా ఉంటాయి. దొంగ ముందే ఇంట్లో దూరి కూర్చుని ఉంటాడు. వాణ్ని పట్టుకోవడం అలవాటు చేసుకున్నవాడికి బడిలో మార్కులు పెరుగుతాయో లేదో గానీ, అప్పుపత్రం మీద సంతకం పెట్టేటప్పుడు చెయ్యి కాస్త ఆగుతుంది. ఆ అలవాటు ఎలా చేసుకోవాలన్నదే ఈ అధ్యాయం.

మొదట బడిలోని పాత తమాషా. తొమ్మిదో తరగతి పిల్లలను తికమక పెట్టడానికి లెక్కల సార్లు బోర్డు మీద వేసేది. క, గ అనే రెండు సంఖ్యలు సమానమనుకుందాం. క = గ. రెండు వైపులా క తో గుణిస్తే క² = కగ. రెండు వైపులా గ² తీసేస్తే క² − గ² = కగ − గ². కారణాంకాలుగా రాస్తే (క + గ)(క − గ) = గ(క − గ). రెండు వైపులా ఉన్న (క − గ)ను కొట్టేస్తే క + గ = గ. క కూడా గ యే కదా, కాబట్టి 2గ = గ. అంటే 2 = 1.

ముందు బెంచీల వాళ్లు నోరు తెరుస్తారు. వెనక బెంచీల వాళ్లు చప్పట్లు కొడతారు. తప్పు పట్టుకోవడానికి తెలివి కన్నా ఓపిక ఎక్కువ పనిచేస్తుంది. అక్షరాలు చెరిపేసి రెండింటి చోటా 5 పెట్టి, ఒక్కో వరుసా చదవాలి. 25 = 25, నిజం. 25 నుంచి 25 తీసేస్తే రెండు వైపులా సున్నా, అదీ నిజమే. తర్వాతి వరుస 10 × 0 = 5 × 0, ఇప్పటికీ నిజమే. ఆ తర్వాతిది 10 = 5. నిజం పలికిన ఆఖరి వరుసకూ అబద్ధం పలికిన మొదటి వరుసకూ మధ్య జరిగింది ఒక్కటే, ‘కొట్టేయడం’. కొట్టేసింది (క − గ)ని, అంటే సున్నాని. సున్నాతో భాగించకూడదని ఏడో తరగతి పిల్లవాడికీ తెలుసు. కానీ సున్నా కుండలీకరణాల ముసుగు వేసుకుని వస్తే ఎమ్మెస్సీ చదివినవాడు కూడా దారి ఇచ్చేస్తాడు.

ఈ విషయంలో సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. సున్నాకు నియమాలు రాసిన బ్రహ్మగుప్తుడే 628లో సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, తొమ్మిదో శతాబ్దంలో ‘గణితసార సంగ్రహం’ రాసిన మహావీరాచార్యుడు ఏ సంఖ్యనైనా సున్నాతో భాగిస్తే ఆ సంఖ్య మారదన్నాడు. ఎవరికీ పంచకపోతే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది కదా అన్న ఆలోచన కావచ్చు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో గణితశాస్త్రం చెప్పిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. 1150లో భాస్కరాచార్యుడు సున్నాతో భాగిస్తే వచ్చేదాన్ని అనంతమన్నాడు. మహామహులు శతాబ్దాల తరబడి తలలు పట్టుకున్న చోట పదిహేనేళ్ల పిల్లవాడు తడబడితే బెత్తం ఎత్తడం ధర్మం కాదు.

అంకెలు పెట్టి వరుసవారీగా చదివే ఈ పద్ధతి మాటల లెక్కల్లోనూ పనిచేస్తుంది. ముగ్గురు మిత్రులు మహబూబ్‌నగర్ బస్టాండు దగ్గర లాడ్జిలో దిగి మనిషికి వంద చొప్పున 300 ఇచ్చారు. గది అద్దె 250 అని తేలి, ఓనరు 50 తిరిగి పంపాడు. తెచ్చిన కుర్రాడు 20 జేబులో వేసుకుని తలా పది ఇచ్చాడు. అంటే మనిషికి పడింది 90. మూడు తొంభైలు 270, కుర్రాడి దగ్గర 20, మొత్తం 290. మిగతా పది ఏది?

ఏదీ పోలేదు. 270లోనే కుర్రాడి 20 కలిసి ఉంది: 250 ఓనరు దగ్గర, 20 కుర్రాడి దగ్గర. దానికి మళ్లీ 20 కలపడానికి అర్థం లేదు, తీసేస్తే గది అద్దె వస్తుంది. ఇచ్చినవాళ్ల పద్దులోని అంకెను పుచ్చుకున్నవాళ్ల పద్దులోని అంకెతో కలిపేయడమే ఇక్కడి మాయ. కథ చెప్పేవాడు ‘కలిపితే’ అన్న మాటను మెల్లగా జారవిడుస్తాడు, వినేవాడు నోటితోనే కలిపేస్తాడు. జమాఖర్చు రాసే అలవాటున్న కిరాణా కొట్టు సేట్లు ఈ లెక్కకు పడరు.

అయితే ఆ సేట్లు కూడా పడే లెక్క ఒకటుంది. నల్లగొండ గడియారం సెంటర్ చుట్టూ, పాలమూరు సంతల్లో, పూలబండ్ల దగ్గరా మిర్చిబజ్జీ బండ్ల దగ్గరా సాయంత్రం పూట స్కూటర్ మీద వచ్చి, గళ్ల కార్డు మీద సంతకం గీకి, వంద నోటు పట్టుకుపోయే గిరిగిరి లెక్క. సాధారణంగా నడిచే తీరు ఇది: అప్పు పదివేలు. వెయ్యి ముందే పట్టుకుని చేతికి తొమ్మిది వేలు ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. ‘పదివేలకు వెయ్యే కదా, నూటికి పది’ అంటాడు ఇచ్చేవాడు. పుచ్చుకునేవాడూ అదే అనుకుంటాడు. పక్కవీధిలో నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. దానికన్నా ఇదే చౌక అనిపిస్తుంది.

వరుసవారీగా చదువుదాం. చేతికి వచ్చింది తొమ్మిది వేలే కాబట్టి వెయ్యి మిత్తి పది శాతం కాదు, పదకొండు పైచిలుకు. అది చిన్న తేడా. పెద్ద తేడా వేరే చోట ఉంది. ఆ తొమ్మిది వేలు వంద రోజులూ అతని దగ్గర లేవు. మర్నాటి నుంచే వంద చొప్పున వెనక్కి పోతున్నాయి. సగం రోజులు గడిచేసరికి సొమ్ము సగానికి దగ్గరగా తరిగిపోయింది. ఆఖరి రోజు అతని చేతిలో ఉన్న అప్పు ఒక్క వంద. మొత్తం మీద సగటున అతను వాడుకున్నది 4,700 రూపాయల దాకా. దాని మీద వంద రోజులకు వెయ్యి మిత్తి కట్టాడు. నూటికి 21 పైన, వంద రోజులకు. ఏడాదికి లాగితే 77 శాతం దాటుతుంది. ఇరవై నాలుగు శాతం మిత్తిని భరించలేనిదని వదిలేసి, దానికి మూడింతలకు పైనున్నదాన్ని చౌక అనుకుని తలకెత్తుకున్నాడన్నమాట.

ఇందులో అనకుండా ఒప్పుకున్న మాట ‘నూటికి’ అన్నది. ఏ నూటికి? ఎన్ని రోజులు చేతిలో ఉన్న నూటికి? శాతం వినపడిన ప్రతిచోటా ఈ రెండు ప్రశ్నలూ అడగడం మొదటి అలవాటు. పండగకు ముందు బట్టల ధర ఇరవై శాతం పెంచి, పండగకు ఇరవై శాతం డిస్కౌంట్ ఇస్తే పాత ధరే రాదు, వందకు 96 వస్తుంది. పెంచినప్పటి నూరు వేరు, తగ్గించినప్పటి నూరు వేరు కనుక. (కొట్టువాళ్లు ఎంత పెంచితే ఎంత తగ్గించాలో వాళ్లకు బాగానే తెలుసు, ఆ దిగులు అక్కర్లేదు.)

చక్రవడ్డీ దగ్గర కూడా మనసు ఇలాగే వెనకబడుతుంది. నూటికి రెండు రూపాయల మిత్తికి పదివేలు ముప్పై ఏళ్లు వదిలేస్తే బారుమిత్తిలో 82 వేలు అవుతుంది. అదే మిత్తిని ఏడాదికోసారి అసలులో కలుపుతూ పోతే 63 లక్షలు దాటుతుంది. నోటిలెక్కకు ఈ రెండూ పక్కపక్కనే ఉన్నట్టు తోస్తాయి. చదరంగం గళ్లలో మొదటిదానిలో ఒక గింజ, రెండోదానిలో రెండు, మూడోదానిలో నాలుగు అంటూ పోసిన కథ అందుకే పుట్టింది. 64 గళ్లకూ కలిపి వచ్చే ఇరవై అంకెల సంఖ్యను, 1,84,46,74,40,73,70,95,51,615ను, శరమంటే అయిదు, చంద్రుడంటే ఒకటి అనే సంకేతాలతో ఇమిడ్చిన తెలుగు పద్యం పావులూరి మల్లన పేరుతో ప్రసిద్ధం. వెయ్యి వడ్ల గింజలు ఇరవై గ్రాములనుకుంటే ఆ గింజల బరువు సుమారు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే వడ్లు 80 కోట్ల టన్నుల దగ్గర ఉంటాయి. నాలుగున్నర శతాబ్దాలు పండించినా ఆ బల్ల నిండదు.

ఇక పేపర్లో రోజూ కనిపించే అంకెల దగ్గరికి. వానాకాలంలో శ్రీశైలం, నాగార్జునసాగర్ నీటిమట్టాలు మొదటి పేజీలో పడతాయి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నిల్వ 215 టీఎంసీల పైచిలుకు. మట్టం 854కు దిగిందని చదివితే, 31 అడుగులే కదా, నూటికి మూడో నాలుగో తగ్గినట్టు అనిపిస్తుంది. అక్కడ మిగిలేది 89 టీఎంసీలు. సగానికి పైగా నీళ్లు ఆ 31 అడుగుల్లోనే వెళ్లిపోయాయి. సాగర్ కథా అంతే. 590 అడుగుల దగ్గర 312 టీఎంసీలు, 510 దగ్గర 131.

రెండు మాటలు మనం అనకుండానే ఒప్పేసుకున్నాం. మొదటిది, అడుగులు డ్యాం అడుగు నుంచి కొలుస్తారని. కాదు, అవి సముద్రమట్టం నుంచి కొలిచినవి. 854ను 885తో భాగించి శాతం కట్టడమంటే నల్లమల కొండల కింద సముద్రం దాకా ఉన్న రాతిని కూడా నీటి కింద జమ వేయడమే. రెండోది, జలాశయం గోడలు గాబులా నిటారుగా ఉంటాయని. నదీలోయ మూకుడు లాంటిది, పైకి వెళ్లేకొద్దీ వెడల్పు, కిందికి దిగేకొద్దీ ఇరుకు. పై అడుగులో పట్టినన్ని నీళ్లు కింది అడుగులో పట్టవు. ఇంకో సంగతి కూడా ఉంది. పూడిక వల్ల అవే అడుగులకు అవే టీఎంసీలు ఎప్పటికీ ఉండవు. సాగర్ కట్టినప్పుడు 590 అడుగులకు నిల్వ 408 టీఎంసీలు. ఏ కొలత చూసినా ‘దీని సున్నా ఎక్కడుంది?’ అని అడిగే అలవాటు ఉన్నవాడు ఇలాంటి చోట తప్పుదారి పట్టడు.

సున్నా మాట అయ్యాక నీడ మాట. నల్లగొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్న పానగల్లులో కందూరు చోడుల కాలపు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. మూడు గర్భాలయాలు, మధ్యలో ఉమ్మడి మండపం. ఒక గర్భాలయంలో లింగం మీద స్తంభం నీడ పడుతుంది. పొద్దున చూసినా, పగలు రెండింటికి చూసినా అది అక్కడే ఉంటుంది. సూర్యుడు కదిలితే నీడ కదలాలి, సూర్యుడు కదులుతున్నాడు, నీడ మాత్రం కదలదు. మంచి వైరుధ్యం. వచ్చినవాళ్లు ఏ స్తంభం నీడో కనిపెట్టాలని మండపంలో ఒక్కో స్తంభం దగ్గరా నిలబడి చెయ్యి ఊపి చూస్తుంటారు.

ఇక్కడ కూడా నోరు విప్పని మాట ఒకటుంది: నీడ వేసేది నేరుగా పడే ఎండ అని. ఆ గర్భాలయంలోకి నేరు ఎండ చేరదు. ఆకాశమంతా పరుచుకున్న వెలుతురు మండపం సందుల్లోంచి చెదిరి లోపలికి వస్తుంది, స్తంభాలు దాన్ని అడ్డుకున్న మేర చీకటి చార మిగులుతుంది. సూర్యుడు ఎటు జరిగినా సందులు జరగవు, స్తంభాలు జరగవు, అందుకే చార కూడా జరగదు. కారణం తెలిశాక ఆ శిల్పుల మీద గౌరవం పెరుగుతుందే గానీ తరగదు. రాయి పెట్టక ముందే వెలుతురు ఎటు నుంచి వస్తుందో ఊహించినవాళ్లు వాళ్లు.

అన్నిటికన్నా ఖరీదైన దొంగ లెక్క మాత్రం బోరు బండి దగ్గర జరుగుతుంది. నల్లగొండ, పాలమూరు నేల కింద గట్టి గ్రానైటు. నీరు రాతి పగుళ్లలో మాత్రమే దొరుకుతుంది. 2004లో పాత్రికేయుడు పి. సాయినాథ్ నల్లగొండ జిల్లా ముసంపల్లి గురించి ‘ది హిందూ’లో రాశారు. సాగు రెండు వేల ఎకరాలకు మించని ఆ ఊళ్లో బోర్లు ఆరు వేలకు పైన, మనుషుల కన్నా బోర్లే ఎక్కువ. ఆ స్థితికి కరువు ఒక కారణం, అప్పులు ఒక కారణం, పెట్టుబడి లేని వ్యవసాయ విధానం ఇంకో కారణం. వాటన్నిటి కింద ఒక లెక్క కూడా ఉంది: ‘మూడు ఫెయిలయినయ్, నాలుగోది పడక ఏం జేస్తది?’

నాణెం ఎగరేసే ఆటలో ఈ ఆలోచనను జూదరి భ్రమ అంటారు. వరసగా మూడుసార్లు బొరుసు పడితే నాలుగోసారి బొమ్మ పడాలని నాణేనికి గుర్తుండదు. బోర్లలో నాలుగింట ఒకటి పడుతుందనుకుందాం. నాలుగు వేస్తే నాలుగూ ఎండిపోయే అవకాశం ముప్పావును నాలుగుసార్లు గుణిస్తే వస్తుంది, నూటికి 31కి పైనే. మూడు అయిపోయాక నాలుగోదానికి మిగిలిన అవకాశం మళ్లీ నాలుగింట ఒకటే, నూటికి నూరు కాదు.

బోరు నాణెం కన్నా నిర్దయ. నాణేనికి జ్ఞాపకం లేదు గానీ రాతికి ఉంది. ఒకే చేలో మూడు చోట్ల పొడి దుమ్ము లేచిందంటే ఆ చేను కింద పగుళ్లు లేవని మూడు సాక్ష్యాలు చేరినట్టు. అంటే నాలుగోదాని మీద ఆశ పెరగకూడదు సరికదా, తగ్గాలి. మనసు సరిగ్గా తలకిందులుగా నడుస్తుంది. పోసిన లక్షలు కళ్లముందు ఉంటాయి కాబట్టి ఇప్పుడు ఆపితే అవన్నీ మట్టిపాలన్న బాధ వెనక నుంచి తోస్తుంది. నాలుగో బోరు వేయాలా వద్దా అన్న లెక్కలో మొదటి మూడింటి ఖర్చుకు చోటు లేదు, అవి చెప్పిన కబురుకే చోటు. ఇలా రాయడం తేలిక, ఎండిపోతున్న బత్తాయి తోట గట్టు మీద నిలబడి పాటించడం కష్టం. అందుకే ఈ లెక్క బండి రాకముందే, ఇంట్లో, కాగితం మీద వేసుకోవాలి. ఎన్ని బోర్ల దగ్గర ఆగాలో మొదటి బోరుకు ముందే రాసిపెట్టుకోవాలి.

అరచేతిలో కొబ్బరికాయ నిలబడితే నీళ్లున్నట్టేనని నమ్మే సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. కాయ నిలబడ్డ చోట నీళ్లు పడ్డ కథ పది ఊళ్లు తిరుగుతుంది. పడని కథ ఆ చేలోనే పూడిపోతుంది. విన్న కథలను మాత్రమే లెక్కపెడితే ప్రతి కొబ్బరికాయా గెలుస్తుంది.

చెవిన పడనివాటిని లెక్కలోకి తెచ్చుకోవడం ఎంత కష్టమో చూపించడానికి సి.ఆర్. రావు చేసిన ఒక పని భలే సరదాగా ఉంటుంది. 1920లో హూవిన హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, సంఖ్యాశాస్త్రంలో ప్రపంచానికి పాఠాలు చెప్పిన ఆయనకు 2023లో, నూట రెండేళ్ల వయసులో, అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి వచ్చింది. ఆయన మగపిల్లలను, మీ ఇంట్లో నీతో కలిపి అన్నదమ్ములెందరు, అక్కచెల్లెళ్లెందరు అని అడిగి ఆ జవాబులు కూడి చూశారు. ప్రతిసారీ మగపిల్లల సంఖ్య ఎక్కువ తేలింది. దేశంలో ఆడపిల్లలు లేకుండా పోయారా?

ఇద్దరేసి పిల్లలున్న నాలుగిళ్లు తీసుకుంటే చిక్కు విడిపోతుంది. ఒక ఇంట్లో ఇద్దరూ మగపిల్లలు, రెండిళ్లలో ఒకరు మగ ఒకరు ఆడ, నాలుగో ఇంట్లో ఇద్దరూ ఆడపిల్లలు. మొత్తం నలుగురు మగ, నలుగురు ఆడ, సరిసమానం. ఇప్పుడు బాలుర హైస్కూలుకు వెళ్లి అడిగితే జవాబు చెప్పేది నలుగురు అబ్బాయిలు. మొదటి ఇంటి అన్నదమ్ములు ఇద్దరూ చెరోసారి ‘ఇద్దరం మగ’ అంటారు. మిగతా ఇద్దరూ ‘ఒకరు మగ, ఒకరు ఆడ’ అంటారు. కూడితే మగ ఆరు, ఆడ రెండు! నాలుగో ఇంటి నుంచి ఆ బడికి ఎవరూ రాలేదు కాబట్టి ఆ ఇల్లే లెక్కలో లేదు. ప్రతి అబ్బాయినీ తనను తాను తీసేసి చెప్పమంటే మగ రెండు, ఆడ రెండు, లెక్క తిన్నగా కూర్చుంటుంది. ఊళ్లో సర్వే చేసే ఏ ఉద్యోగానికైనా ఇంతకన్నా మంచి శిక్షణ ఉండదు.

పుట్టినరోజుల లెక్క తెలిసినదే కాబట్టి పొడుగుగా చెప్పనక్కర్లేదు. 23 మంది ఉన్న గదిలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగం దాటుతుంది, 40 మంది తరగతిలో నూటికి 89. మనుషులు ఇరవై ముగ్గురే అయినా జతలు 253 అన్నది మరిచిపోవడం వల్లే ఆశ్చర్యం. మన దగ్గర పెద్దవాళ్ల సర్టిఫికెట్లతో ఈ ఆట ఆడితే ఇంకా తొందరగా గెలవచ్చు. బడిలో చేర్చిన రోజున సారు అందాజుగా వేసిన జూన్, జులై తేదీలతోనే చాలామంది రిటైరయ్యారు మరి. ఏడాదిలో అన్ని రోజులూ సమానమన్న ఊహ కూడా అనకుండా ఒప్పుకున్నదే.

ఇంట్లో పిల్లలతో అలవాటు చేయడానికి గొర్రెల పంపకం లెక్క బాగుంటుంది. అరబ్బుల ఒంటెల కథగా లోకమంతా తిరిగినదాన్ని పాలమూరు గొల్లకురుమల వాకిట్లోకి తెచ్చుకోవచ్చు. తండ్రి 17 గొర్రెలు వదిలి పోయాడు. పెద్దవాడికి సగం, నడిమివాడికి మూడో వంతు, చిన్నవాడికి తొమ్మిదో వంతు అన్నాడు. ఎవరి వాటా చూసినా గొర్రెను కోయాల్సి వస్తుంది. పొరుగాయన తన గొర్రెను తోలుకొచ్చి మందలో కలిపాడు. 18లో సగం 9, మూడో వంతు 6, తొమ్మిదో వంతు 2. కలిపితే 17. మిగిలిన తన గొర్రెను తోలుకుని ఆయన ఇంటికి పోయాడు.

పిల్లలు ఒక్క క్షణం మురిసిపోతారు. అప్పుడు భిన్నాలు కూడమనాలి. సగం, మూడో వంతు, తొమ్మిదో వంతు కలిపితే 18లో 17 వంతులే. తండ్రి మొత్తం ఆస్తి పంచినట్టు మాట్లాడాడు గానీ పంచలేదు, పద్దెనిమిదో వంతుకు పేరే పెట్టలేదు. ఈ కీలకం తెలిశాక కొత్త పంపకాలు వాళ్లే అల్లగలరు. 11 గొర్రెలు, వాటాలు సగం, నాలుగో వంతు, ఆరో వంతు. 19 గొర్రెలు, వాటాలు సగం, నాలుగో వంతు, ఐదో వంతు. 23 గొర్రెలకు సగం, మూడో వంతు, ఎనిమిదో వంతు. ప్రతిసారీ పొరుగాయన గొర్రె క్షేమంగా ఇంటికి చేరుతుంది. చివరగా, మళ్లీ 17 గొర్రెలే ఉంచి, చిన్నవాడి వాటాను తొమ్మిదో వంతు నుంచి ఆరో వంతుకు మార్చి పంచమనాలి. పొరుగాయన గొర్రెను కలిపితే 18. పెద్దవాడికి 9, నడిమివాడికి 6, చిన్నవాడికి 3. ముగ్గురూ సంతోషంగా తమ తమ మందలు తోలుకుపోతారు, పొరుగాయన మాత్రం తన గొర్రె కోసం పంచాయితీ పెట్టించాల్సి వస్తుంది.